దిగే దారి మార్క్ వంతు

మా ఆయన హిమాలయాలకు వెళ్లిన ఏడు మా మిరప కళ్లంలో చచ్చిపోయిన మనిషి నడిచాడు. ఈ మాట నేను బయట ఎక్కడా అనను. అంటే సత్తెనపల్లి సత్తెనపల్లంతా నవ్వుతుంది. కానీ చూసింది చూశాను. మా అత్తయ్య చూసింది, ఫెబా చూసింది. ముగ్గురు ఆడవాళ్లకి ఒకేసారి ఎండదెబ్బ తగలదు కదా.

మార్క్ మా ఊరి మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఫెబా ఆయన భార్య, అదే స్కూల్లో టీచరు. మా ఆయన నాగేంద్రబాబు సత్తెనపల్లిలో జూనియర్ కాలేజీ లెక్చరరు. మార్క్, మా ఆయన ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. పెళ్లికి ముందు మార్క్ ఉత్తరకాశీ వెళ్లి కొండలెక్కే శిక్షణ తీసుకునొచ్చాడు. ఆ కబుర్లు విన్నప్పటి నుంచి మా ఆయనకి అదే ధ్యాస. లడాఖ్‌లో స్టోక్ కాంగ్రీ అని ఒక శిఖరం ఉందిట, ఇరవై వేల అడుగుల పైమాట, బాగా సాధన చేస్తే మనలాంటి వాళ్లు కూడా ఎక్కొచ్చుట. మా ఊళ్లో అన్నిటికంటే ఎత్తయినది మంచినీళ్ల ట్యాంకు.

మా ఆయన ఎక్కడం బాగానే ఎక్కుతాడు. దిగడమే చేతకాదు. చిన్నప్పుడు చింతచెట్టెక్కి, దిగలేక పైన కూర్చుని ఏడుస్తుంటే, మార్కే కింద నిలబడి ఒక్కో కొమ్మా చెప్పి దించాడుట. అందుకే ఇద్దరూ పని పంచుకున్నారు. ఎక్కే దారి మా ఆయన వంతు. ఏ రైలు, ఏ బస్సు, ఏ ఊళ్లో గుర్రాలవాణ్ణి మాట్లాడుకోవాలి, గాలి పల్చబడితే ఎన్నాళ్లు ఆగాలి, ఏ గట్టు మీదుగా పైకి, అన్నీ ఆయనే. దిగే దారి మార్క్ వంతు.

"ఒరేయ్ నాగేంద్రా, నువ్వు నన్ను పైకి తీసుకెళ్లు చాలు. కిందకి నేను తెస్తా" అనేవాడు మార్క్, మా వసారాలో మ్యాపు పరుచుకుని. ఆ మ్యాపు ఎగిరిపోకుండా నాలుగు మూలలా నా వంటింటి గిన్నెలు ఉండేవి. అవి తిరిగి రావాలంటే నేను అరవాల్సి వచ్చేది.

ఆదివారాలు కొండవీడు కొండ ఎక్కేవాళ్లు. వీపున బరువుండాలని మొదటిసారి మా ఆయన సంచీ నిండా ఎండుమిరపకాయలే కుక్కుకుని వెళ్లాడు, ఇంట్లో ఉన్నవి అవేగా. చెమట పట్టి, ఆ ఘాటు సంచీలోంచి దిగి, వీపు భగ్గుమని, చొక్కా విప్పి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మార్క్ నవ్వీ నవ్వీ మా అరుగు మీద కూలబడ్డాడు. ఆ తర్వాత పిడుగురాళ్ల నుంచి సున్నపురాళ్లు తెచ్చి ఇచ్చింది ఆయనే. తాళ్లతో ముళ్లు వెయ్యడం కూడా ఆయనే నేర్పాడు. ఒక ముడి మాత్రం వేసి చూపించి, ఎలా విప్పాలో చెప్పలేదు. మా ఆయన గింజుకుంటుంటే, "అది దిగేటప్పుడు చెప్తాలేరా" అన్నాడు.

డిసెంబరులో ఢిల్లీ నుంచి ఇద్దరికీ బూట్లు వచ్చాయి. ఒకే రకం, అడుగున గళ్లు గళ్లుగా. మా ఆయనవి ఏడో నంబరు, మార్క్‌వి పది. మార్క్ ఆ బూట్లతో బడికి వెళ్లొచ్చేవాడు, అలవాటు చేసుకోవాలని. సంక్రాంతి వెళ్లిన వారానికి మెదడువాపు జ్వరం వచ్చింది. గుంటూరు తీసుకెళ్లారు. మళ్లీ పెట్టెలోనే తెచ్చారు.

పెట్టెలో ఆయన కాళ్లకి ఫెబా ఆ బూట్లే తొడిగింది. మార్క్ వాళ్ల పాలెంలో పెద్దావిడ ఒకామె దారం పట్టుకుని వచ్చింది, బొటనవేళ్లు కలిపి కట్టాలని. పోయినవాళ్లకి కాళ్లు కట్టడం మా ఊళ్లో అన్ని ఇళ్లల్లోనూ ఉంది.

"బూట్లు తియ్యను. ఆయన ఎంత ముచ్చటపడి తెప్పించుకున్నాడో మీకేం తెలుసు" అని ఫెబా ఆ కాళ్ల మీద పడి ఏడ్చింది. ఎవరూ ఇంక బలవంతం చెయ్యలేదు. అట్లాగే పూడ్చారు.

మా ఆయన మాత్రం ఏడవలేదు. మర్నాడు వసారాలో మ్యాపు పరిచాడు. కాలేజీలో ఎవరో అడిగితే, "మేమిద్దరం జూలైలో బయల్దేరుతున్నాం" అన్నాడుట. దుఃఖంలో మతి కుదురుగా లేదులే, కొన్నాళ్లకి సర్దుకుంటాడని నేను ఊరుకున్నాను.

*

మార్చి నెలాఖరుకి కళ్లం నిండుగా కాయ ఎండబోశాం. మా అత్తయ్య వెంకటరావమ్మ సేద్యం అంతా తన చేతి మీదే నడుపుతుంది. ఆవిడ గొంతుకి ఎడ్లు కూడా తల తిప్పి చూస్తాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం కూలీలు అన్నాలకి పోతే, మేమిద్దరమే పాకలో కూర్చుని తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడిన కాయలు, ఏరుతున్నాం. గాలి లేదు. కాకి కూడా అరవడం లేదు. ఘాటుకి అలవాటుపడ్డ ముక్కులు మావి, అయినా ఆ పూట ఎందుకో నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. కొంగుతో తుడుచుకుని తలెత్తేసరికి కళ్లం మధ్యలో అడుగులున్నాయి.

మా వైపు కళ్లంలోకి ఎవరూ చెప్పులతో అడుగుపెట్టరు. లక్ష్మి ఉండే చోటది.

"ఎవత్తే అది, చెప్పులేసుకుని కాయ తొక్కింది?" అని అత్తయ్య ఒక్క కేక పెట్టింది. పలకడానికి ఎవరూ లేరు.

దగ్గరికి వెళ్లి చూశాం. కాయ నలిగి, గింజ బయటపడి, ఎర్రటి కాయల మీద పచ్చగా బూటు అచ్చు. గళ్లు గళ్లుగా. ఇంటి వైపు గట్టు దగ్గర మొదలై, కళ్లం అడ్డంగా దాటి, ఉత్తరం గట్టు దాకా వెళ్లాయి. అక్కడ ఆగిపోయాయి. తిరిగొచ్చిన అడుగు ఒక్కటీ లేదు. గట్టు అవతల మెత్తటి దుక్కి. దాని మీద కోడి నడిచినా తెలుస్తుంది. అక్కడ ఏమీ లేదు.

నేను ఇంట్లోకి పరిగెత్తి మా ఆయన బూటు తెచ్చి ఆ అచ్చులో పెట్టాను. చుట్టూ బోలెడంత ఖాళీ మిగిలింది.

అత్తయ్య మొహం పాలిపోయింది. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"బతికున్నన్నాళ్లూ ఆ పిల్లాడు ఇటు చెప్పులతో రాలేదే. మన నాగేంద్ర రారా రారా అని పిలిచినా, గట్టవతలే విడిచి, కాళ్లు కాలుతున్నా గెంతుకుంటూ వచ్చేవాడు."

"అత్తయ్యా, ఊరుకోండి."

"విప్పుకోడానికి లేకుండా తొడిగి పంపించాం. కాళ్లన్నా కట్టలేదు. నడవక ఏం చేస్తాడు పాపం?"

సాయంత్రం మా ఆయన కాలేజీ నుంచి వస్తే చూపించాం. భయపడతాడనుకున్నాను, లేదా మమ్మల్ని కసురుకుంటాడనుకున్నాను. ఆయన గొంతుకూర్చుని, ఆ అచ్చు మీద వేలు పెట్టి, నెమ్మదిగా నవ్వాడు.

"కొత్త బూట్లతో కొండెక్కకూడదు జ్యోతీ. ముందు బాగా నడిచి మెత్తబరుచుకోవాలి. వాడికి ఇంకా గట్టిగానే ఉన్నట్టున్నాయి" అన్నాడు.

ఆ తర్వాత కాయ ఎండబోసినన్నాళ్లూ రెండు మూడు రోజులకోసారి, కూలీలు లేని మధ్యాహ్నప్పూట, ఆ అడుగులు పడుతూనే ఉన్నాయి. ఎప్పుడూ ఉత్తరం వైపే. కూలీలు వచ్చేలోపు అత్తయ్య తనే పార తిరగేసి కాయ సర్దేసేది.

*

ముందు కోతల కాయ గోతాలకెత్తాం. ఆ టిక్కీలు మా బాబాయి గారి కోల్డ్ స్టోరేజీకి చేర్చాం. మా ఆయన ఇంకో పని కనిపెట్టాడు. చలికి అలవాటు పడాలని రోజూ సాయంత్రం వెళ్లి ఆ గదిలో కూర్చునేవాడు. బయట నిప్పులు చెరుగుతున్న మే నెల. లోపలికి వెళ్లినవాడు గంటలు గంటలు రాకపోతే, వాచ్‌మన్ పీరు నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, సారు లోపల ఒకరే ఉండి మాట్లాడుతున్నారు. మీరొకసారి రండి."

వెళ్లాను. మందపాటి తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టగానే చలి మీద పడింది. ఇంటి కప్పంత ఎత్తున టిక్కీల వరసలు, మధ్యలో మనిషి పట్టేంత సందు, చివర ఒక్కటే బల్బు. ఆ బల్బు కింద మా ఆయన ఖాళీ గోతాం మీద కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఇద్దరి నోళ్లలోంచీ ఆవిరి వస్తోంది.

"ఏమండీ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీరు ఒక్కరే వెళ్తున్నారా?"

"ఒక్కణ్ణెక్కడ? ఇద్దరం."

"సరే, ఇద్దరూ. పైకెళ్లే దారి నాకు కూడా నోటికి వచ్చేసింది. ఏ రాయి దగ్గర ఆగుతారో చెప్పగలను. మరి తిరిగి రావడం ఎట్లా?"

ఆయన నా వంక అమాయకంగా చూశాడు. "అది నా వంతు కాదుగా."

"ఆయన చెప్పకుండానే పోయాడండీ."

"చెప్తాడు. దిగేటప్పుడు చెప్తానన్నాడు."

నేను ఏడుస్తూ ఏదో అనబోయాను. అప్పుడు చూశాను. బల్బు వెలుతురులో నా నోటి ఆవిరి ఒక పక్క, ఆయనది ఒక పక్క. ఆయన భుజం వెనక, టిక్కీల సందులోంచి, ఇంకొక ఆవిరి మెల్లగా వచ్చి, పోయి, మళ్లీ వచ్చింది. ఎవరో అలసిపోయి ఊపిరి తీసుకుంటున్నట్టు. పీరు అనుకున్నాను. తల తిప్పితే పీరు తెరిచి ఉన్న తలుపు అవతల, ఎండలో, బీడీ కాలుస్తూ కనపడుతున్నాడు.

మా ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను. దెయ్యం అని భయపడ్డానా అంటే, పడ్డాను. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఈ మనిషి కొండెక్కడానికి సిద్ధమవుతున్నాడు. దిగడానికి కాదు.

*

మర్నాడే ఫెబా ఇంటికి వెళ్లాను. ఏం చెప్పాలో తెలియక అన్నీ చెప్పేశాను. పిచ్చిదాన్ని అంటుందేమో అనుకున్నాను. ఆమె బియ్యం చేట పక్కన పెట్టి, నా వెంట లేచి వచ్చేసింది.

ఆఖరి కోత కాయ ఇంకా కళ్లంలో ఉంది. సెలవులు కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజు కూడా అడుగులు పడ్డాయి. ఫెబా చెప్పులు గట్టవతల వదిలి, కాళ్లు కాలుతున్నా ఆగకుండా నడిచి, ఆ అచ్చుల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆయనవే. ఎడమ కాలు కొంచెం బయటికి తిప్పి వేస్తాడు" అంది. చెయ్యి చాపి ఒక అడుగుని నిమిరింది. ఆ చేత్తోనే కన్నీళ్లు తుడుచుకుంది. కళ్లు మండిపోయి ఉంటాయి.

తర్వాత తలెత్తి మా ఆయన వంక చూసింది.

"అన్నయ్యా, జ్వరంలో ఆయన ఏవేవో అన్నాడు. సంధి మాటలనుకుని నేను ఎవరికీ చెప్పలేదు. నా చీర చెంగు పట్టుకుని ముడేసేవాడు, విప్పేవాడు. మళ్లీ వేసేవాడు. 'నాగేంద్రకి దిగడం తెలీదు, వాడికి చెప్పాలి' అనేవాడు. 'ఎండ శిఖరం నెత్తిన పడిందంటే ఇంక పైకి అడుగెయ్యొద్దు. ఎంత దగ్గరున్నా సరే, వెనక్కి తిరగమను. మంచు మెత్తబడితే మనిషిని మొయ్యదు.' ఇదే మాట. ఆఖరి రోజు దాకా ఇదే మాట."

మా ఆయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే కాయల మీద కూలబడ్డాడు. నాలుగు నెలల ఏడుపు ఒక్కసారి వచ్చింది. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అత్తయ్య వెళ్లి తల మీద చెయ్యి వేసింది. ఫెబా ఆ అడుగుల పక్కనే కూర్చుండిపోయింది.

ఇంక వెళ్లడనుకున్నాను. వెళ్తానన్నాడు. "వెళ్లకపోతే వాడు ఈ కళ్లంలోనే తిరుగుతుంటాడు జ్యోతీ" అన్నాడు. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. ఎండ పడగానే తిరిగొస్తానని మాత్రం నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ ఒట్టు మీద నాకు నమ్మకం లేదు. ఎక్కేటప్పుడు ఆయనకి లోకం గుర్తుండదు.

జూలైలో బయల్దేరాడు. కళ్లం ఖాళీగా ఉంది, ముందు రోజు జల్లు పడి నేల మెత్తగా ఉంది. దాని మీదుగా నడిచి రోడ్డెక్కి బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగాక వెనక్కి చూస్తే, తడి నేల మీద ఏడో నంబరు అడుగుల పక్కనే పదో నంబరు అడుగులు, రోడ్డు దాకా. అత్తయ్య నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

*

ఆగస్టు మొదట్లో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. లేహ్ నుంచి. గరగరమంటున్న లైన్లో ఆయన గొంతు.

"జ్యోతీ, దిగాను."

"పైకి వెళ్లారా?"

"లేదు. దిగాను" అన్నాడు మళ్లీ. రిసీవరు పట్టుకుని అక్కడే కింద కూర్చుని ఏడ్చాను.

వారం తర్వాత ఇంటికొచ్చాడు. మొహం నల్లగా కమిలి, ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది. అత్తయ్య కాళ్లకి నీళ్లు పొయ్యడానికి చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ముందు ఆయన భుజం వెనక్కి చూసింది.

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే అమ్మా."

అప్పుడు పోసింది నీళ్లు.

ఫెబాని పిలిపించమన్నాడు. ఆమె వచ్చాక అరుగు మీద కూర్చుని చెప్పాడు. పైకెళ్లాల్సిన రోజు డేరాలో ఆయన ఒక్కడే. గుర్రాలవాడు దూరంగా వేరే డేరాలో ఉన్నాడు. బూట్లు తలదగ్గర పెట్టుకుని పడుకున్నాడుట. బయల్దేరాలని అర్ధరాత్రి లేచి చూస్తే రెండు బూట్ల తాళ్లూ కలిపి ముడేసి ఉన్నాయి.

"ఎంత లాగితే అంత బిగిసింది. వేళ్లు కొయ్యబారిపోయాయి. చివరికి చాకుతో కోసి, మిగిలిన ముక్కలతో కట్టుకుని బయల్దేరేసరికి బాగా ఆలస్యమైపోయింది. ఆఖరి గట్టు కిందకి చేరేసరికి ఎండ శిఖరం నెత్తిన పడింది. చెయ్యి చాపితే అందేట్టుంది. ఎదురుగా మంచులో అడుగులున్నాయి, పెద్దవి. పైకి వెళ్తున్నాయి. నాకు వాటి వెంట వెళ్లాలనే ఉంది. కానీ కాళ్ల వంక చూసుకుంటే ఆ కోసిన తాళ్లు కనపడ్డాయి. తిరిగాను."

"తర్వాత?" అన్నాను.

"కిందకొచ్చి వెనక్కి చూస్తుండగా ఆ గట్టు అంచున మంచు పెళ్లగిలి లోయలోకి పోయింది. నేను నడవాల్సిన చోటే."

జేబులోంచి ఆ ముడి తీసి అరుగు మీద పెట్టాడు. నల్ల తాళ్లు, నాలుగు కొసలూ చాకుతో కోసి ఉన్నాయి. అత్తయ్య దాన్ని ముట్టుకోలేదు.

"తన కాళ్లు కట్టించుకోనివాడు నీ కాళ్లు కట్టాడురా" అంది.

ఫెబా ఆ ముడిని చేతిలోకి తీసుకుంది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. లాగలేదు. చూపుడు వేలు మధ్యలోకి దూర్చి, వెనక్కి ఒక్కసారి నొక్కింది. తాళ్లు రెండూ విడిపోయి ఆమె ఒళ్లో పడ్డాయి.

"నా చెంగుకి ఇట్లాగే వేసేవాడు, ఇట్లాగే విప్పేవాడు" అంది. నవ్విందో, ఏడ్చిందో నేను చెప్పలేను.

ఆ సాయంత్రం అత్తయ్య ఫెబా వెంట పాలెం సమాధుల దొడ్డికి వెళ్లింది. మార్క్‌ని పూడ్చిన రోజు కూడా ఆవిడ ఆ గేటు దాటలేదు, రోడ్డు మీదే నిలబడింది. ఇద్దరూ కలిసి సమాధి కాళ్ల వైపు మట్టి తవ్వి, ఆ తాళ్లని మామూలు ముడి ఒకటి వేసి పాతిపెట్టి వచ్చారు. చెప్పులు గేటు బయటే విడిచి వెళ్లిందని ఫెబా తర్వాత చెప్పింది.

మరుసటి ఏడు మళ్లీ కాయ ఎండబోశాం. మిట్టమధ్యాహ్నం కూలీలు అన్నాలకి వెళ్లాక నేను పాకలో కూర్చుని కళ్లం వంకే చూస్తూ ఉండిపోయాను. ఒక్క కాయా నలగలేదు. భయం వదిలినందుకు సంతోషించాల్సినదాన్ని, నాకు ఏడుపొచ్చింది. ఆదివారం ప్రార్థన కాగానే మా ఇంటికొచ్చిన ఫెబా నా పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతోంది.

"ఘాటు బాగా ఉంది కదూ" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"ఘాటేం లేదక్కా. నేనూ ఆ అడుగుల కోసమే వచ్చాను" అంది ఫెబా.